బొమ్మల పద్దు

యథార్థ గాథ

డిసెంబరు నెల, ఆదివారం. పొద్దున్న ఆరున్నర. విక్టోరియా మెమోరియల్ గుమ్మటం మీద నల్లని దేవత ఇంకా పొగమంచులోంచి బయటపడలేదు. ఉత్తరం గేటు ముందు అరవై, డెబ్భై మందిమి చేరాం. సగం మంది పిల్లలు, మిగతావాళ్లం వాళ్ల అమ్మానాన్నలం. కోల్‌కతాలో కాస్త చలిగాలి తగిలితే చాలు, ఊరంతా మంకీ క్యాపుల్లో దూరుతుంది. మా నాన్న మాత్రం తలకి తువ్వాలు చుట్టుకొని, పాత రైల్వే బూట్లు వేసుకొని వచ్చాడు. ఆయనకి డెబ్భై నాలుగేళ్లు. పక్కన మావాడు. వాడికి తొమ్మిదేళ్లు. వాడి చంకలో ఒక నోటు పుస్తకం.

"ఐదు కిలోమీటర్లు నాన్నా. ఆయాసం వస్తే చెప్పు, ఆగిపోదాం" అన్నాను.

"ఐదు కిలోమీటర్లంటే ఏటి? మన ప్లాట్‌ఫారం ఐదుసార్లు కూడా కాదు."

మన ప్లాట్‌ఫారం అంటే ఖరగ్‌పూర్‌ది. పొడవు 1,072.5 మీటర్లు. ప్రపంచంలోనే అతి పొడవైన ప్లాట్‌ఫారం అని మేం చిన్నప్పుడు బడిలో గొప్పలు చెప్పుకొనేవాళ్లం. 2013లో ఆ పేరు గోరఖ్‌పూర్ ఎత్తుకుపోయింది. 2023లో హుబ్బళ్లి దాన్నీ దాటేసింది. మా నాన్న లెక్కలో మాత్రం దూరానికి కొలత ఇప్పటికీ ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారమే. శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరైన మనిషి.

నడక దేనికంటే, డిస్‌లెక్సియా ఉన్న పిల్లలకి చదువు నేర్పే ఒక చిన్న కేంద్రానికి డబ్బు కూడబెట్టడానికి. మా పిల్లవాడు నడిస్తే కిలోమీటరుకి ఇంత ఇస్తామని తెలిసినవాళ్ల దగ్గర ముందే మాట తీసుకోవాలి. ఆ మాటలన్నీ ఒక పుస్తకంలో రాసుకోవాలి. వసూలు చేసిన డబ్బు నడక అయ్యాక కట్టాలి.

మా ఇంటి తరఫున ఆ పుస్తకం నింపింది తాతా మనవలే. అందులో ఏముందో నేను అప్పటిదాకా తెరిచి చూడలేదు.

* * *

ఈ కథ మూడో తరగతి డైరీతో మొదలైంది. పిల్లవాడి పేరు, బడి పేరు ఇక్కడ రాయను.

"చురుకైనవాడే, శ్రద్ధ లేదు." "ఇంట్లో చదివించండి." "బోర్డు మీద ఉన్నది కూడా ఎక్కించుకోడు." వారానికి రెండుసార్లు ఎర్ర సిరాతో ఇవే మాటలు. నేను చదివించేదాన్ని. ఇంగ్లిషు, బెంగాలీ, హిందీ బడిలో. తెలుగు ఇంట్లో. బెంగాలీలో 'బ'కీ 'ర'కీ తేడా కింద ఒక్క చుక్క. ఆ చుక్క మావాడికి ఒకరోజు కనిపించేది, ఒకరోజు కనిపించేది కాదు.

అదే పిల్లవాడు బెహాలా నుంచి ఎస్ప్లనేడ్ దాకా బస్సు ఆగే స్టాపులన్నీ కండక్టరు గొంతుతో సహా వరసగా అప్పజెప్పేవాడు. ఫ్యాను రెగ్యులేటరు విప్పి మళ్లీ బిగించేవాడు. కథ ఒక్కసారి వింటే మర్చిపోడు. మరి చదవడానికి ఏం రోగం?

ఒక రాత్రి ఇంగ్లిషు పాఠంలో 'వాజ్' అన్న చిన్న మాట ఒకే పేజీలో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లు మూడు రకాలుగా చదివాడు. నాలుగోసారి నా చెయ్యి లేచింది. వాడు ఏడవలేదు. "కొట్టినా రాదమ్మా" అన్నాడు, అదేదో నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు.

ఆ తర్వాత పరీక్షలు చేయించాం. చూపు బాగుంది. వినికిడి బాగుంది. తెలివితేటలు వయసుకి మించి ఉన్నాయి. రిపోర్టు చివర స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ అని రాశారు. మామూలుగా అందరూ అనే మాట డిస్‌లెక్సియా.

"ఆ సినిమాలో పిల్లాడి లాగానా?" అన్నారు మావారు. 2007లో 'తారే జమీన్ పర్' వచ్చింది మొదలు ఈ దేశంలో డిస్‌లెక్సియా అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న అదే. సినిమా మేలే చేసింది. కాకపోతే అక్షరాలు తిరగబడి కనిపించడమే జబ్బు అని చాలామంది అనుకుంటున్నారు.

వాడికి పాఠాలు చెప్పే స్పెషల్ టీచరు నా చేతిలో కాగితం పెట్టి ఓపిగ్గా వివరించింది. ఇది కంటి లోపం కాదు. చెవిన పడ్డ మాటని విడివిడి ధ్వనులుగా విరిచి, ఒక్కో ధ్వనిని ఒక్కో అక్షరానికి ముడివేయడం మెదడుకి కష్టమవుతుంది. మనం అప్రయత్నంగా వేసే ముడి, ఈ పిల్లలు ప్రతిసారీ కొత్తగా వేసుకోవాలి. ఇంగ్లిషులో రాత ఒకటి, పలుకు ఒకటి కాబట్టి తప్పులు బయటపడతాయి. తెలుగు లాంటి భాషలో రాసినట్టే పలుకుతాం కాబట్టి తప్పులు తక్కువ, ఆలస్యం ఎక్కువ. "తెలుగు పిల్లల్లో నెమ్మదిగా చదివేవాళ్లని ఎవరూ పట్టించుకోరు. నెమ్మది అని సర్దుకుంటారు" అంది. ఆ మాట అప్పుడు నా చెవిన పడింది కానీ లోపలికి దిగలేదు.

ఆవిడే పెర్సీ సంగతి చెప్పింది. 1896 నవంబరు 7. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు, ఇంగ్లండులోని సీఫోర్డ్ నుంచి ఒక పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి రాశాడు. ఏడేళ్ల వయసు నుంచీ చదువు చెప్పిస్తున్నారు. 749ని 867తో గుణించమంటే చకచకా గుణించేవాడు. తన పేరు రాయమంటే మాత్రం 'పెర్సీ'కి బదులు 'ప్రెసీ' అయ్యేలా అక్షరాలు తారుమారు చేసి, తప్పు చేశానని కూడా గుర్తించలేదు. చదువంతా నోటిమాటగా చెబితే బడిలో అందరికన్నా తెలివైనవాడు వీడే అవుతాడని వాళ్ల మాస్టారే అన్నాడట.

మన దేశంలో చట్టం ఈ పిల్లల్ని గుర్తించడానికి ఇంకా నూట ఇరవై ఏళ్లు పట్టింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను లెక్కలోకి తీసుకుంది. అందులో ఇదీ ఒకటి. ఎనిమిదేళ్లు నిండాక సర్టిఫికెట్ ఇస్తారు. అది చేతిలో ఉంటే పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా దొరుకుతుంది, అవసరమైతే రాసిపెట్టే మనిషిని ఇస్తారు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కానీ పిల్లవాడి పక్కన కూర్చుని రోజూ చదివించే మనిషి కావాలి. ఆ మనిషికి జీతం ఇవ్వాలి. కోల్‌కతాలో బ్రేకింగ్ త్రూ డిస్‌లెక్సియా లాంటి సంస్థలు ఈ పని చేస్తున్నా, ఇంత పెద్ద ఊరికి అవి ఏ మూలకి? ఫీజు కట్టలేని ఇళ్లలోనూ ఇలాంటి పిల్లలు పుడతారు. మా నడక వాళ్ల కోసం.

* * *

నడక కాగితం ఇంటికి రాగానే మావారు పర్సు తీశారు. "రెండు వేలు మనమే కట్టేద్దాం. ఇంటింటికీ వెళ్లి చెప్పుకోవడం ఎందుకు?"

నాకూ అదే నయమనిపించింది. చందా అడగాలంటే ముందు విషయం చెప్పాలి. చెబితే పాడా అంతా తెలుస్తుంది. ఇక్కడ పేటని పాడా అంటారు. ఉదయం టీకొట్టులో పుట్టిన కబురు పదింటికల్లా మూడో వీధి దాటిపోతుంది.

అప్పటికి మా నాన్న చలికాలం గడపడానికి ఖరగ్‌పూర్ నుంచి వచ్చి ఉన్నాడు. అంతా విని అన్నాడు: "నడిచేది మా గుంటడు. డబ్బు మీరిస్తే వాడు నడిచినట్టెలాగ? వినోబా తన జేబులోంచి తీసి ఇచ్చాడేటి?"

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే సభలో పేదల కోసం భూమి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నాడు. అక్కడి నుంచే వినోబా కాలినడకన దేశం మీద పడ్డాడు. ఆ కథ మా తాత మా నాన్నకి చెబితే, మా నాన్న నాకు చెప్పాడు. అన్నీ నోటితోనే. మా నాన్న పుస్తకం చదివి ఏదైనా చెప్పడం నేను ఎన్నడూ వినలేదు. అదేమిటి అని ఎన్నడూ అనుకోలేదు కూడా.

మర్నాటి నుంచి సాయంత్రం ఐదయితే తాతా మనవలు బయల్దేరేవాళ్లు. నోటు పుస్తకం, పెన్సిలు, మంకీ క్యాపు. రెండు గంటల తర్వాత జేబులో వేరుశనక్కాయల పొట్టుతో తిరిగొచ్చేవాళ్లు. ఎంత వచ్చిందిరా అంటే "రాశాం" అనేవాడు మావాడు. ఎవరు రాస్తున్నారో అడగలేదు. తాతయ్య రాస్తున్నాడనుకున్నాను.

నాలుగో రోజు మెట్ల దగ్గర నిలబడి వాళ్ల మాటలు విన్నాను.

మా బిల్డింగు మూడో అంతస్తులో ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ ఉంటుంది. పిల్లలు ఆవిడ తలుపు ముందు నుంచి వెళ్లేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకొని వెళతారు. ఆవిడ తలుపు సగమే తెరిచి, రైల్వే బెంగాలీలో మా నాన్న చెప్పిందంతా విని అంది: "ఇలాంటి జబ్బులు మా కాలంలో లేవు. బద్ధకం ఉండేది. దానికి మా దగ్గర మందూ ఉండేది."

కాసేపు మాట లేదు. తర్వాత మా నాన్న గొంతు.

"ఆ మందు నేనూ తిన్నాను దిదీ. ఆరో తరగతి దాకా తిన్నాను. నాకూ చదవడం రాదు."

నేను మెట్టు మీదే కూర్చుండిపోయాను.

"తప్పు చదవను. గుణింతం గుణింతం పట్టుకొని పోతాను. కింద ఒత్తు చూసేసరికి పైన తలకట్టు మర్చిపోతాను. లైను చివరికి చేరేసరికి మొదట్లో ఏముందో పోతుంది. అరవై ఏళ్లు దాచాను. ఇంటిదానికి తెలుసు, ఆవిడ పోయింది. వీడికి తెలుసు, వీడికి మొన్ననే చెప్పాను. ఇప్పుడు మీకు."

చిన్నప్పుడు రోజూ సాయంత్రం మా నాన్న పేపరు నా ముందు పెట్టి, "కళ్లజోడు మర్చిపోయానమ్మా, కాస్త చదువు" అనేవాడు. కళ్లజోడు చొక్కా జేబులోంచి కనిపిస్తూనే ఉండేది. నేను చదువుకోవాలని అలా చేస్తున్నాడనుకొని మురిసిపోయేదాన్ని. శ్రీకాకుళం నుంచి వచ్చే ఉత్తరాలు అమ్మ పైకి చదివేది. వర్క్‌షాపులో చక్రం తిరిగే చప్పుడు విని బేరింగు ఎక్కడ పోయిందో చెప్పే మనిషి, చార్జ్‌మన్ ప్రమోషను ఇస్తామంటే వద్దన్నాడు. "కుర్చీ ఉద్యోగం నాకొద్దు" అన్నాడు. ఆ ప్రమోషనుకి రాతపరీక్ష ఉంది. వదులుకున్న జీతంలో తేడా ఎంతో అమ్మ లెక్క వేసి ఏడ్చిన రాత్రి నాకు గుర్తుంది. అమ్మ ఏడ్చింది జీతం కోసం కాదేమో.

ఈ తేడా వంశంలో వస్తుందని స్పెషల్ టీచరు చెప్పినప్పుడు నేను మా అత్తగారి వైపు వాళ్లందరినీ వెతికాను. మా ఇంటి వైపు చూడాలని నాకు తోచలేదు.

పైన హెడ్‌మిస్ట్రెస్ గొంతు వినిపించింది. "మీరు నా క్లాసులో ఉండుంటే, మిమ్మల్ని బెంచీ ఎక్కించేదాన్ని."

"తెలుసు దిదీ."

"ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పాను." ఇంకేం అనలేదు. తలుపు పూర్తిగా తెరుచుకున్న చప్పుడు మాత్రం వినిపించింది.

* * *

విక్టోరియా గేటు నుంచి కాజువరీనా అవెన్యూ మీదుగా రెడ్ రోడ్డు ఎక్కాం. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు దిగిన రోడ్డు ఇది. 2014లో మొదలైన కోల్‌కతా 25 కిలోమీటర్ల పరుగు కూడా డిసెంబరులో ఇక్కడే జరుగుతుంది. అందులోనూ జనం తమకి నచ్చిన సంస్థల కోసం చందాలు కూడబెట్టి పరిగెడతారు. 2023లో కెన్యా నుంచి వచ్చిన డేనియల్ ఎబెన్యో ఆ 25 కిలోమీటర్లనీ 1 గంట 11 నిమిషాల 13 సెకన్లలో ముగించాడు. మేం ఐదు కిలోమీటర్లకి గంటా నలభై నిమిషాలు తీసుకున్నాం. మధ్యలో మేకల మంద అడ్డం వచ్చింది. పిల్లలు గుర్రాల దగ్గర ఆగారు. మట్టి ముంతల్లో టీ తాగాం.

దారిలో మా నాన్న పక్కకి చేరాను. ఏదో అనాలి. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

ఆయన నడక ఆపలేదు. "నువ్వు ఫస్టు వచ్చేదానివి కదమ్మా" అన్నాడు.

కాస్త దూరం పోయాక తనే అన్నాడు: "ఆ టీచరమ్మ వీడి చేత ఇసుకలో రాయిస్తందట. వేలితో రాస్తూ పైకి పలకాలట. అమెరికా పద్ధతట. మా వీధిబడిలో రాయించింది ఇసుకలో కాదేటి? అక్కడే ఉండనిస్తే నేర్చుకొనీవోణ్నేమో. పలక మీదకి తొందరపెట్టేశారు."

మన ఇళ్లలో అక్షరాభ్యాసం బియ్యంలో చేయిస్తాం. వేలు గింజల మీద కదులుతుంటే నోరు పలుకుతుంది, కన్ను చూస్తుంది, చెవి వింటుంది. ఆ ఒక్క ముహూర్తం తర్వాత పళ్లెం లోపల పెట్టేస్తాం. ఈ పిల్లలకి ఆ పళ్లెం ఇంకో నాలుగేళ్లు కావాలి, అంతే. స్పెషల్ టీచరు చేస్తున్నది అదే పని, కాకపోతే ఒక క్రమంలో, వారాల తరబడి, ఒక ధ్వని పూర్తిగా పట్టుబడ్డాకే ఇంకొకటి.

* * *

ప్లానెటేరియం ముందు నుంచి తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి మంచు విడిచింది. చెట్టు కింద బల్ల వేసుకొని ఇద్దరు లెక్కలు రాసుకుంటున్నారు. వాళ్లూ ఒక పిల్లవాడి అమ్మానాన్నలే. ఒక్కొక్కరు పుస్తకం ఇస్తే ఆయన పేర్లు చదివి, ఆవిడ డబ్బు లెక్కపెట్టి, 80జీ రసీదు కావాలన్నవాళ్ల వివరాలు విడిగా తీసుకుంటోంది.

మా వంతు వచ్చింది. ఆయన నోటు పుస్తకం తెరిచి, ఒక పేజీ తిప్పి, ఇంకో పేజీ తిప్పి, మా వైపు చూశాడు. "ఇందులో పేర్లు లేవే?"

నేనూ తొంగి చూశాను. పేర్లు లేవు. ఒక్క అక్షరం లేదు. పేజీకి పది చొప్పున బొమ్మలు, పక్కన అంకెలు. పొగలు కక్కే కెటిల్. కత్తెర. రసగుల్లా కుండ. విరిగిన గొడుగు. ఒక స్కేలు. మా నాన్న రాస్తున్నాడని నేను, ఎవరో ఒకరు రాస్తున్నారులే అని మావారు. రాయడం రాని ఇద్దరూ కలిసి పదిహేను రోజులు చందా వసూలు చేశారు.

నా మొహం వేడెక్కింది. వెనక వరసలో ఇరవై మంది ఉన్నారు. "ఇంటికెళ్లి రాసి తెస్తాం" అని చెయ్యి చాచాను.

మావాడు నా చేతికన్నా ముందు పుస్తకం లాక్కున్నాడు. బల్ల మీద పెట్టి, మొదటి బొమ్మ మీద వేలు ఉంచాడు.

"టీకొట్టు దాదా. కిలోమీటరుకి ఇరవై. ఐదింటికి వంద." వేలు కిందికి జరిగింది. "దర్జీ కాకు, మొత్తంగా యాభై. మిఠాయి కొట్టు, ఐదు వందల ఒకటి. గొడుగులు బాగుచేసే ఆయన, పది. తాతయ్య వద్దన్నా ఇచ్చాడు. స్కేలు అమ్మమ్మ, రెండు వేలు."

మూడో అంతస్తు ఆవిడ వరస పక్కనే నిలబడి ఉంది. నడకకి వచ్చిందని నాకు అప్పటిదాకా తెలియదు. తనకి వచ్చిన బొమ్మ చూసి ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వాడు ఆగలేదు. తడుముకోలేదు. వెనక్కి వెళ్లి మళ్లీ చదవలేదు. బడిలో నాలుగు వాక్యాల పేరాకి పది నిమిషాలు పట్టే పిల్లవాడు, ముప్పై లైన్లు, గుక్క తిప్పుకోవడానికి తప్ప ఎక్కడా నిలబడకుండా, అంతమంది ముందు పైకి చదివాడు. ఎవరు ఏమన్నారో కూడా చెప్పాడు. పక్కన ఆవిడ క్యాలిక్యులేటరు నొక్కుతూనే ఉంది.

ముప్పై ఒకటో లైను దగ్గర రైలింజను బొమ్మ ఉంది.

"ఇది తాతయ్యది. 1,072 రూపాయల 50 పైసలు."

మొత్తం 9,412 రూపాయల 50 పైసలు తేలింది. ఆవిడ మా నాన్న ఇచ్చిన సంచీలో నోట్లు, చిల్లర రెండుసార్లు లెక్కపెట్టింది. "9,412 ఉంది. ఆ యాభై పైసలు వదిలేద్దాం దాదూ, ఇప్పుడెక్కడ దొరుకుతుంది?"

మా నాన్న తువ్వాలు విప్పి, కొంగున వేసిన ముడి విప్పాడు. అర్ధరూపాయి బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు.

"ప్లాట్‌ఫారం చివర ఆ అరమీటరు కూడా నడిచాను కదమ్మా" అన్నాడు.